కుందేలు గీసిన గీత

ఉదయం ఏడు గంటలకు నూకరత్నం నలభై ఒకటో నంబరు కుందేలు ఎడమ చెవిని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని మెల్లగా రుద్దుతోంది. చెవి వెచ్చబడాలి. వెచ్చబడితే గాని అంచున ఉన్న సన్నటి నరం పైకి తేలదు. తేలకుండా సూది గుచ్చితే కుందేలు బెదురుతుంది, బెదిరిన కుందేలు నుంచి చుక్క రక్తం రాదు. పెద్ద చదువులు చదివిన ముగ్గురు టెక్నీషియన్లకు ఈ చిన్న పని చేతకాలేదు. ఇరవై రెండేళ్లుగా ఆ కంపెనీలో జంతువులుండే యానిమల్ హౌస్ ఊడుస్తున్న నూకరత్నానికి పట్టుబడింది.

"దొరవి కదా, నువ్వు బెదరడమేటి? అయిపోనాది, అయిపోనాది" అంది ఆమె, సూది దింపుతూ.

జంతువులకు పేర్లు పెట్టరాదని గోడమీద బోర్డు ఉంది. నూకరత్నానికి చదువు రాదు కనుక పేర్లు పెడుతోందని కంపెనీవాళ్ల నమ్మకం. ఆమెకు చదవడం శుభ్రంగా వచ్చు. బోర్డు చెప్పినట్టు వినడమే రాదు. పగలంతా గూట్లో వెనక్కి వాలి, మేత తెచ్చినవాళ్లను అదోలా చూసే ఆ తెల్ల కుందేలును దొర అనక ఇంకేమనాలి?

ఆ దొరగారి రక్తం మీదే ఆ రోజుల్లో విశాఖపట్నం మొత్తం నడుస్తోంది. ఎలాగో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మనిషి తిన్న తిండిని సత్తువగా మార్చే ఎంజైములు ఒంట్లో బోలెడన్ని ఉంటాయి. ఎంజైమంటే వంటమనిషి అనుకోండి. బియ్యం తనవి కావు, తినేది తను కాదు, మధ్యలో పని మాత్రం తనది. అలాంటి ఒక వంటమనిషిని డాక్టర్ ఇందుకూరి సుభాషిణి అనే శాస్త్రవేత్త కండరాల్లో కనిపెట్టి మయోరెక్టేజ్ అని పేరు పెట్టింది. అది దండిగా ఉన్నవాళ్లు గంటల తరబడి బరువు పని చేయగలరని తేల్చింది. కనిపెట్టడం ఒక ఎత్తు, రక్తంలో అది ఎంతుందో లెక్కపెట్టడం ఇంకో ఎత్తు. అందుకే కుందేలు కావలసి వచ్చింది.

మనిషి ఎంజైమును శుద్ధి చేసి కుందేలుకు ఇంజెక్షన్ ఇస్తే, ఎవడో కొత్తవాడు ఇంట్లో దూరాడని కుందేలు ఒళ్లు కంగారుపడి, వాణ్ని పట్టుకోవడానికి ఆంటీబాడీలను పుట్టిస్తుంది. అవి ఒక్క రకం కాదు. ఒకటి తల పట్టుకుంటే ఇంకొకటి నడుం పట్టుకుంటుంది, మరొకటి కాలు. ఇన్ని రకాలు కలిసిన గుంపుకే పాలీక్లోనల్ ఆంటీబాడీ అని పేరు. ఆ గుంపును కాగితం పట్టీ మీద అంటించి, మనిషి రక్తం ఒక్క చుక్క వేస్తే, మయోరెక్టేజ్ దొరికిన మేరకు ఎర్రగీత తేలుతుంది. గీత ఎంత ముదురుగా ఉంటే సత్తువ అంత. యంత్రం ఆ గీతను చదివి సున్నా నుంచి నూరు దాకా ఒక అంకె చెబుతుంది.

ముప్ఫై కుందేళ్లలో దొర సీరం, అంటే రక్తంలోంచి తేర్చిన తేట, ఒక్కటే గీతను అంత స్పష్టంగా చూపించింది. దానికి 'శ్రమరేఖ' అని పేరు పెట్టారు. జనం మాత్రం 'గీత' అనే అన్నారు. రెండేళ్లు తిరిగేసరికి ఓడరేవులో, గోదాముల్లో, బస్ డిపోల్లో, ఆఖరికి పెళ్లి వంటల కాంట్రాక్టర్ల దగ్గర కూడా గీత గేట్లు వెలిశాయి. నెల మొదటి తారీఖున వేలు పెట్టాలి, సూది చురుక్కుమంటుంది, యాభై దాటితే గేటు తెరుచుకుంటుంది. దాటకపోతే ఒక ఆడగొంతు ఎంతో మర్యాదగా "మీరు పనికి తగరు" అంటుంది.

నూకరత్నం భర్త పైడయ్య ఓడరేవు గోదాముల్లో కళాసీ. ముప్ఫై ఏళ్లు బస్తాలు మోశాడు. గేటు పెట్టిన మొదటి నెలలోనే అతనికి ముప్ఫై ఒకటి వచ్చింది. అతనితో పాటు గ్యాంగు గ్యాంగంతా బయటికొచ్చేసింది. వాళ్ల స్థానంలో ఎనభైలు, తొంభైలు వచ్చిన కుర్రాళ్లను తీసుకున్నారు. వాళ్లు మూడు రోజులు మోసి నాలుగో రోజు నడుం పట్టుకుని వెళ్లిపోయారు. ఈ తరానికి శ్రద్ధ లేదని పేపర్లు రాశాయి గాని, గీత తప్పేమోనని ఒక్కరూ రాయలేదు.

పైడయ్య గొడవ పడలేదు. నూకరత్నానికి అదే మండింది. గుమ్మంలో కూర్చుని తన చేతులు తానే చూసుకునేవాడు. "ఒలే, లోపల అరిగిపోనాది కాబోలు. మిసను అబద్దమాడుతాదేటి?" అనేవాడు. నిన్నటిదాకా నీళ్ల డ్రమ్ము ఎత్తి అరుగు మీద పెట్టిన మనిషి, ఇప్పుడు బిందె ఎత్తబోయి మధ్యలో ఆగి, ఎందుకొచ్చిందని వదిలేసేవాడు. పద్నాలుగు నెలలు అలాగే గడిచాయి. ఆ గీతను దొర చెవిలోంచి పిండి తెచ్చేది తన చేతులేనని నూకరత్నానికి తెలుసు. రాత్రి అన్నం దగ్గర ఆ మాట చెప్పబోయి, చెప్పకుండా అతనికి ఇంకో ముద్ద వడ్డించేది.

కంపెనీలో కాంట్రాక్టు మనుషులు వెనక గేటు గుండా, మేత లారీలు వచ్చే దారిన వస్తారు. అక్కడ యంత్రం లేదు. అందుకే నూకరత్నం ఇన్నాళ్లూ వేలు పెట్టకుండా నెట్టుకొచ్చింది. దొర రక్తం తీసిన ఆ ఉదయమే హెచ్.ఆర్. మేనేజర్ పట్నాయక్ వెనక గేటుకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని వచ్చాడు.

"ఇకనుంచి అందరూ ముందు గేటే. నీ కాంట్రాక్టు రెన్యూవల్‌కి కూడా గీత ఉండాలమ్మా. రా, ఇప్పుడే చూసేద్దాం" అన్నాడు.

ఇరవై ఎనిమిది వచ్చింది. "మీరు పనికి తగరు" అంది గేటు.

పట్నాయక్ చెడ్డవాడు కాదు. నిజంగానే నొచ్చుకున్నాడు. "ఏం చేస్తామమ్మా, వయసు. ఈ నెలాఖరు దాకా చూసుకో" అన్నాడు.

నూకరత్నం చుట్టూ చూసింది. వెనక గేటు మూసేసరికి లారీవాళ్లు ఈ గేటు పక్కనే దింపిన మేత బస్తాలు ఉన్నాయి, ఒక్కొక్కటి పాతిక కిలోలు. కొంగు నడుముకు చుట్టి, ఒకటి భుజం మీదా ఒకటి చంకలోనూ వేసుకుని, యానిమల్ హౌస్ ఉన్న రెండో అంతస్తుకు మెట్లెక్కింది. లిఫ్టు మనుషులకు మాత్రమేనని, బస్తాలకు కాదని ఇంకో బోర్డు ఉంది. ఈ బోర్డును మాత్రం ఆమె ఇరవై రెండేళ్లుగా పాటించింది. వెనకాలే వచ్చిన పట్నాయక్ మొదటి అంతస్తులో రెయిలింగు పట్టుకుని ఆగిపోయాడు.

"మీకెంతొచ్చింది బాబూ?" అని పైనుంచి అడిగింది.

"తొం... తొంభై ఒకటి" అన్నాడు పట్నాయక్, ఊపిరి కూడదీసుకుంటూ.

"అయితే కిందింకో పదున్నాయి. అందుకోండి."

మెట్ల మీద ఈ తమాషా అంతా చూస్తున్న సుభాషిణి నవ్వింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఆమెకు యంత్రాల మీద ఎంత నమ్మకమో కళ్ల మీద కూడా అంతే నమ్మకం. శాస్త్రం చదివినవాళ్లలో ఇది అనుకున్నంత తరచుగా కనపడే గుణం కాదు.

"రత్నమ్మా, పట్టీ తప్పు చెప్పడానికి వీల్లేదు" అంది యానిమల్ హౌస్‌లోకి వచ్చి, తనకు తానే చెప్పుకుంటున్నట్టు. "ఒక చోట పట్టు దొరక్కపోతే ఇంకో చోట దొరుకుతుంది. పాలీక్లోనల్ పెట్టిందే అందుకు. మయోరెక్టేజ్ ఉంటే కుందేలు ఆంటీబాడీ గుర్తుపట్టకుండా ఉండదు."

"కుందేలు ఎలాగ గుర్తుపడతాది మేడమ్?"

"ముందు మనం దానికి చూపిస్తాం కదా. మొదటి ఇంజెక్షన్‌లో ఇచ్చిన ఎంజైమును గుర్తుపెట్టుకుంటుంది."

"మరైతే దొరకి ఎవులిని సూపించేరు?"

సుభాషిణి దొర గూటి వైపు తిరిగింది. నూకరత్నమే చెప్పింది.

"నాకు గేపకం ఉంది మేడమ్. అయిదేళ్లయింది. కేంటీన్లో టేబులేసి, రక్తం ఇచ్చేవోలు పరగడుపున రండి అన్నారు. ఆపీసరమ్మలు, ఆపీసరు బాబులు అందరూ వొరస కట్టేరు. నానూ టీ చుక్కయినా తాగకుండా వొచ్చి నిలబడ్డాను. నా వొంతు వొచ్చీసరికి కాయితం మీద రాసుకునే పిల్ల, స్టాఫ్ నంబరెంత అంది. నేదన్నాను. స్టాఫ్ నంబరు లేనోల రక్తం తీసుకోం, పక్కకి జరుగమ్మా అంది. నా ఎనకాల తోటమాలీ, లారీ కళాసీలూ ఉండీవోరు. అందర్నీ పంపీసేరు. ఆకలితో ఎల్లి బస్తాలు దింపేం."

ఆమె గొంతులో ఏడుపు లేదు. అయిదేళ్లుగా ఆరబెట్టి దాచిన కోపం ఉంది.

సుభాషిణి కుర్చీ లాక్కుని కూర్చుంది. దొరకు నేర్పిన పాఠం నలభైమంది ఆఫీసు మనుషులది. అందరూ కుర్చీల్లో కూర్చునేవాళ్లు, వేళకు తినేవాళ్లు. పట్టీని పరీక్షించి సరిచూసింది కూడా వాళ్ల మీదా, కాలేజీ పిల్లల మీదానే. బస్తా మోసే మనిషి ఒంట్లో మయోరెక్టేజ్ ఎలా ఉంటుందో దొర ఎన్నడూ చూడలేదు. సుభాషిణీ చూడలేదు.

కుందేలు సాయం అక్కర్లేకుండా, అణువులను తిన్నగా తూచే యంత్రం ఒకటి లాబ్‌లో ఉంది. మాస్ స్పెక్ట్రోమీటర్ అంటారు. గేట్ల దగ్గర పెట్టడానికి కుదరనంత పెద్దది, ఒక్క మనిషిని చూడటానికి ఒక పూట పట్టేంత నిదానం. సుభాషిణి నూకరత్నం రక్తాన్నీ, పట్నాయక్ రక్తాన్నీ అందులో పెట్టింది. మర్నాడు పైడయ్యను రప్పించి అతనిదీ పెట్టింది. ఫలితం చూసి రెండుసార్లు కళ్లద్దాలు తుడుచుకుంది.

"నీ ఒంట్లో పట్నాయక్‌కు ఉన్నదానికి నాలుగు రెట్లుంది రత్నమ్మా. పైడయ్యకు అయిదు రెట్లు. ఏళ్ల తరబడి బరువు పని చేసేసరికి ఎంజైము ఒంటినిండా చిన్న చిన్న చక్కెర ముక్కలు అతుక్కున్నాయి. నిండా దుప్పటి కప్పుకున్నట్టు. దొర ఆంటీబాడీలు ఎక్కడ పట్టుకోబోయినా దుప్పటే తగులుతోంది. ఆ మనిషెవరో దానికి తెలియడం లేదు."

"అంటే కష్టపడి పనిచేసినోలకి గీత రాదు. కూకున్నోలకి వొస్తాది."

"అవును" అంది సుభాషిణి. ఊళ్లో ఇరవై వేలమందిని ఆ పట్టీ ఇంటికి పంపింది.

దిద్దుకునే దారి ఒకటే కనపడింది. దుప్పటి కప్పుకున్న ఎంజైమును కొత్త కుందేలుకు చూపించాలి. అందుకు నూకరత్నం రక్తం కావాలి, ఒక్కసారి కాదు, నెలనెలా. మరిచిపోకుండా కుందేలుకు బూస్టర్ ఇస్తూ ఉండాలి. పైడయ్య పని మానేసి పద్నాలుగు నెలలైంది కనుక అతని దుప్పటి పలచబడుతోందట. నూకరత్నం మాత్రం ఒక్కరోజు కూడా బస్తా దించలేదు. సుభాషిణి కాగితం తెచ్చింది. అందులో 'స్టాఫ్ నంబరు' అనే గడి ఇంకా అలాగే ఉంది.

నూకరత్నం ఆ గడి మీద వేలు పెట్టి, "ఇప్పుడేటి రాస్తారు?" అంది.

సుభాషిణి ఆ గడిలో అడ్డంగా 'గంటా నూకరత్నం' అని రాసింది.

"ఇది సాలదు మేడమ్. ఆ పాత పట్టీ ఊరంతటా తీసీయాలి. దొర సెవి మీద ఇంకెవులూ సూది ఎయ్యకూడదు. ఈ రెండూ అయ్యేకే నా సెయ్యి."

కంపెనీ ఎం.డి. గారికి ముందు కోపం వచ్చింది, తరువాత భయం వేసింది, ఆ తరువాత ఆలోచన వచ్చింది. పదిహేను రోజుల్లో పాత పట్టీలు వెనక్కి పిలిపించారు. 'మెరుగుపరచిన శ్రమరేఖ త్వరలో' అని గేట్లకు కాగితాలు అంటించారు. తప్పు అన్న మాట ఆ కాగితంలో ఎక్కడా లేదు. దొరను చివరి గూట్లోకి మార్చారు. అక్కడికి ఉదయపు ఎండ వస్తుంది. యాభై ఎనిమిదో నంబరు ఆడకుందేలుకు నూకరత్నం ఎంజైము మొదటి ఇంజెక్షన్ పడింది.

మూడు నెలలకు కొత్త గీత తయారైంది. పైడయ్యను మళ్లీ లాబ్‌కు పిలిచారు. తొంభై రెండు వచ్చింది. ఎర్రగా, బొట్టు పెట్టినట్టు తేలిన ఆ గీతను అతను చాలాసేపు చూశాడు. పట్టీని చొక్కా జేబులో భద్రంగా పెట్టుకున్నాడు. ఇంటికి రాగానే నీళ్ల డ్రమ్మును ఒక్క ఊపున ఎత్తి అరుగు మీద పెట్టాడు.

"సూసేవేటే? నాను పనికొస్తాను" అన్నాడు, కళ్లనీళ్లు తిరుగుతుండగా.

నూకరత్నానికి సంతోషం కలగాలి. కలగలేదు. ఏడాదిన్నరగా పైకి రానిదంతా ఒక్కసారి పొంగింది.

"ముప్పయ్యేళ్లు మోసిన బుజం నీదేనా? అది పనికొస్తాదో రాదో నీకు కుందేలు సెప్పాలా? అది కాదంటే కూకుండిపోతావు, అవునంటే లెగుస్తావా? నాను రోజూ సెప్తంటే మాత్రం నీకు ఇనపడనేదు!"

పైడయ్య తలవంచుకున్నాడు. జేబులోని పట్టీ మాత్రం తీసి పారేయలేదు.

మర్నాడు ఒకటో తారీఖు. కొత్త గేట్లు మొదలయ్యే రోజు, కుందేలుకు బూస్టర్ ఇచ్చే రోజు కూడా. ఏడు గంటలకు నూకరత్నం కంపెనీ ముందు గేటు దగ్గరికి వచ్చేసరికి బయట ఇద్దరు నిలబడి ఉన్నారు. పట్నాయక్‌కు పద్నాలుగు. డాక్టర్ సుభాషిణికి పంతొమ్మిది. "మీరు పనికి తగరు" అని గేటు ఇద్దరికీ ఎంతో మర్యాదగా చెప్పింది. దానికి కనిపెట్టినవాళ్లెవరో తెలియదు, తెలుసుకోవాలని కూడా ఉండదు.

"నూకరత్నం గారూ" అన్నాడు పట్నాయక్. ఆ 'గారు' ఆ ఉదయమే పుట్టింది. "ఈ గీత రావాలంటే ఏం చెయ్యాలండీ?"

"బస్తాలు మొయ్యండి బాబూ."

"ఎన్నాళ్లు?"

"ఇరవై రెండేళ్లు."

అని ఆమె పకపకా నవ్వింది. ఈ రోజు కోసం ఎన్నాళ్లు కాచుకుంది! కానీ పట్నాయక్ నవ్వలేదు. రెండు అరచేతులూ తిప్పి చూసుకుంటున్నాడు. అచ్చం పైడయ్య గుమ్మంలో కూర్చుని చూసుకున్నట్టే. నూకరత్నం నవ్వు ఆపేసింది.

"ఫ్రిజ్‌లో మిగిలిన దొర సీరమూ, కొత్త కుందేలు సీరమూ కలిపి పట్టీ చేద్దామని చెప్పాను" అంది సుభాషిణి నేల చూస్తూ. "దొర ఒకరిని పట్టుకుంటుంది, నీ కుందేలు ఇంకొకరిని. అప్పుడు అందరికీ గీత వస్తుంది."

"మరెందుకు సెయ్యనేదు?"

"అందరికీ గీత వచ్చే పట్టీని ఎవరు కొంటారు అన్నారు ఎం.డి. గారు."

"ఆయనకెంతొచ్చిందేటి?"

"ఆయన కారు వేరే దారిన వెళ్తుంది."

నూకరత్నం గేటు వైపు చూసింది. తను వేలు పెడితే చాలు, సలాం కొట్టినట్టు తెరుచుకుంటుంది. తన రక్తంతో నేర్పిన గేటే కదా. ఇవాళ ఊరంతా ఇంకో ఇరవై వేలమంది, బల్లల దగ్గర కూర్చునేవాళ్లు, ఇంటికి పోయి చేతులు చూసుకుంటారు. వాళ్ల ఇళ్లలో ఎవరో ఒకరు అన్నం దగ్గర ఏం చెప్పాలో తెలియక ఇంకో ముద్ద వడ్డిస్తారు.

"తప్పు నాదే మేడమ్" అంది. "ఆ రోజు పట్టీ తీసీమన్నాను. గేటు తీసీమనాల్సింది."

"నువ్వు వెళ్లు రత్నమ్మా. కుందేళ్లకు ఏడున్నరకు మేత వెయ్యాలి."

"మేత ఎయ్యడానికి నా ఏలెందుకు? పట్నాయకు బాబూ, ఎనక గేటు తాళంసెవి మీ జేబులోనే ఉందా, పారీసేరా?"

పట్నాయక్ జేబు తడుముకున్నాడు. తాళంచెవి ఉంది గాని ఇవ్వడానికి తటపటాయించాడు. నూకరత్నం చెయ్యి చాచి, దించకుండా అలాగే నిలబడింది. చివరికి అతనే ముందు నడిచి తాళం తీశాడు. ముగ్గురూ మేత లారీల దారిన లోపలికి వెళ్లారు. నూకరత్నం రెండు బస్తాలు ఎత్తుకుంది. అడగకుండానే పట్నాయక్ మూడోదాన్ని ఒక కొస పట్టుకున్నాడు, సుభాషిణి రెండో కొస పట్టుకుంది. ఆ ఒక్క బస్తా రెండో అంతస్తు చేరేసరికి ఇద్దరూ నాలుగుసార్లు దింపారు.

నూకరత్నం దొరకు మేత వేసింది. యాభై ఎనిమిదికి ఇంకో గుప్పెడు ఎక్కువ వేసింది. దాని చెవి పట్టుకుని చూసి, ఇక దీనికీ సూదులుండవు లెమ్మనుకుంది. సుభాషిణి అలవాటు చొప్పున, బూస్టర్ కోసం నూకరత్నం రక్తం తీసే ట్రే తెచ్చి బల్ల మీద పెట్టింది. నూకరత్నం జాకెట్టు చెయ్యి మోచేతి దాకా లాక్కుని, కొంగు నిండుగా కప్పుకుంది.

"ఇయ్యను మేడమ్."

"ఇవ్వకపోతే రెండు నెలల్లో సీరం పలచబడుతుంది. పట్టీలు ఆగిపోతాయి."

"ఆగిపోనీండి."

సుభాషిణి సూదికి మూత బిగించి, ట్రేను పక్కకు నెట్టింది. చాలా రోజుల తరువాత ఆమె ముఖంలో కొంచెం తేట కనపడింది.

"మరి ఎం.డి. గారు అడిగితే ఏమని చెప్పను?"

నూకరత్నం చీపురు అందుకుంది.

"నాకు స్టాఫ్ నంబరు నేదని సెప్పండి."